డిప్యూటీని తిప్పి పంపిన మా వదిన

మా వదిన ఓర్లీనాకు షెరీఫ్ మనుషులంటే, అదే మా కౌంటీ పోలీసులంటే, ఒళ్లుమంట. ఈ కొండను నేషనల్ పార్కు చేయాలని రాష్ట్రం వాళ్లు భూములు లాక్కున్నప్పుడు, పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతుండగానే వాళ్ల నాయనమ్మను బయటికి గెంటింది అప్పటి షెరీఫే. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు వండిపెట్టిన వదిన, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ ఒక్క విషయంలో మాత్రం మెత్తబడలేదు.

మా పెద్దల సమాధులు ఇప్పటికీ పార్కులోనే ఉన్నాయి. ఏటా మే నెలలో ఒక ఆదివారం అందరం వెళ్లి, గడ్డి కోసి, కాగితప్పూలు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని భోంచేస్తాం. పోయినేడు పూలు పట్టుకుని రోడ్డు దాటుతున్న మా అన్నయ్య డోర్సీని ఒక ట్రక్కు గుద్దేసింది. నడిపినవాడు కెండల్ ఆష్‌వర్త్, టౌనులో కార్లు అమ్ముతాడు. దగ్గరికి వెళ్తే విస్కీ గుప్పుమంది.

ముందుగా పార్కు రేంజర్ కొరిన్ వచ్చింది. ఏటా మాతో కూర్చుని తినే పిల్ల. అన్నయ్యను అంబులెన్సు ఎక్కించాక షెరీఫ్ తరఫు డిప్యూటీ వచ్చాడు. మా పార్కులో రేంజర్లను పెట్టిన కేంద్రం వాళ్లకూ, షెరీఫ్ వైపున్న రాష్ట్రం వాళ్లకూ ఇద్దరికీ అధికారమే, ఎవరు పట్టుకుంటే వాళ్లది కేసు.

"మాకు వదిలెయ్యమ్మా. మనిషికి ఇంత దెబ్బ తగిలితే మా రాష్ట్రం కోర్టులోనే శిక్ష గట్టిగా పడుద్ది" అన్నాడు డిప్యూటీ.

"నీ మొహం! మా నాయనమ్మని గెంటినోళ్లు నాకు న్యాయం చేస్తారా? కదులు ముందు. మా రేంజరమ్మ ఉంది" అంది వదిన.

అతను కొరిన్ వైపు చూసి, "సరే, మీరే కానివ్వండి" అని కారెక్కాడు. ఆదివారం పూట పని తప్పింది వాడికి.

"బాగా గడ్డి పెట్టావు వదినా!" అన్నాను నేను. నా నోరు పడిపోను!

అన్నయ్య తల ఇక బాగుపడదని డాక్టర్లు తేల్చేలోపే, కెండల్ కేంద్రం కోర్టులో తాగి నడిపానని ఒప్పేసుకున్నాడు. జరిమానా, పది రోజుల జైలు, ఏడాదిపాటు పార్కులో అడుగు పెట్టకూడదు. అంతే! అన్నయ్యను గుద్దిన అసలు కేసు ఇంకా ఉందనుకుని వదిన రాష్ట్ర ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

"ఒకే నేరానికి అక్కడ శిక్ష పడ్డాక ఇక్కడ మళ్లీ కేసు పెట్టకూడదమ్మా, మా రాష్ట్రం చట్టమే అంత" అన్నాడాయన. "మొదట్లోనే మా చేతికొచ్చుంటే ఐదేళ్లు లోపల ఉండేవాడు. ఆ రోజు మావాణ్ని ఎవరు పంపేశారు?"

"నేనే సార్" అంది వదిన.

తిరిగొస్తూ దారిలో అంది వదిన, "నా చేతులతో నేనే వదిలేశానే వాణ్ని." నిజం అదేగా.

నాలుగు నెలల తర్వాత టౌనులో మందుల షాపుకి వెళ్లాం. వదిన అన్నయ్య చక్రాల కుర్చీ తోస్తోంది. లోపలి నుంచి వస్తున్న మనిషి తలుపు తెరిచి పట్టుకున్నాడు. కెండల్! పార్కులోకి రాకూడదు గానీ, టౌనులో వాడికి అడ్డేముంది? మమ్మల్ని గుర్తుపట్టి తల దించుకున్నాడు. వదిన కుర్చీని అక్కడే ఆపేసింది.

అన్నయ్యకు పెళ్లాం పేరు కూడా గుర్తులేదు, మర్యాద మాత్రం పోలేదు. తలెత్తి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"చల్లగా ఉండు బాబూ. నీలాంటోళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?" అన్నాడు.