వేటకెళ్లిన ఫైళ్లు

దరియాలతిప్పలో మా ఎదురింటి పెద్దాయన తన సొంత వెబ్‌సైట్‌ని సర్వర్‌కి ఎక్కించేటప్పుడు ఎవరినీ నోరు మెదపనిచ్చేవారు కాదు. చేపల వేటకు బయల్దేరినవాణ్ణి వెనక నుంచి ఏదీ అడగకూడదన్నది వాళ్లింటి పద్ధతి. ముసలితనంలో ఫైళ్లకూ ఆయన అదే పద్ధతి పాటించారు.

ఒకరోజు పక్కనే కూర్చుని చూస్తున్నాను. "ఫొటోల ఫోల్డరు కూడా..." అనబోయాను. ఇటు తిరక్కుండానే అరచెయ్యి ఎత్తారు.

"ఎల్తన్నప్పుడు అడక్కూడదండి."

అంతా ఎక్కిపోయాక నా ఫోన్‌లో సైటు తెరిచాను. రాతలన్నీ వచ్చాయి. ఫొటోలు ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు.

"ఫొటోలు మీ కంప్యూటర్లోనే ఉండిపోయాయండీ," అన్నాను.

ఆయన కంగారుపడలేదు. ఫోన్ తీసుకుని మొదటి గడి మీద వేలు పెట్టారు.

"ఇది మా నాన్న నావండి. దీంట్లో మా ఆవిడ, ఎండుచేపలు తిరగేత్తంది."

అలా చివరి గడిదాకా చెప్పుకుంటూ వెళ్లారు.

"ఇప్పుడే పంపేద్దామా?" అన్నాను.

"ఎల్లినోళ్ల ఎనకే ఎంటనే ఇంకోళ్లని పంపకూడదండి. వచ్చే వారం పంపిద్దాం, ఆయ్."

ఆ వారం తిరక్కుండానే ఆయన పోయారు. ఇంట్లోవాళ్లు కంప్యూటర్ని పాత సామాన్లతో కలిపి అమ్మేశారు.

సైటు ఇంకా తెరుచుకుంటోంది. గళ్లు ఖాళీగానే ఉన్నాయి. ఏ గడిలో ఎవరున్నారో నాకు తెలుసు.