ఉత్తమ సహాయ నటుడి ఐరిష్ ప్రసంగం

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది నేను కౌలాలంపూర్‌లో ఒక ఉపగ్రహ చానల్‌లో సబ్‌టైటిల్ విభాగానికి సూపర్‌వైజర్‌ని. ఐర్లండ్ సినిమా, టెలివిజన్ జాతీయ పురస్కారాల వేడుకకు మలయ్ సబ్‌టైటిళ్లు వేసే పని నాకు అప్పగించారు. వేడుక అక్కడ శనివారం జరిగింది, ఇక్కడ ప్రసారం ఆదివారం సాయంత్రం. పాలపొడి అమ్మే ఒక స్పాన్సర్ కోసం చానల్ దాన్ని కొన్నది. బహుమతి ప్రసంగాల్లో దేన్నీ కత్తిరించకూడదని ఒప్పందం.

మా పనికి ఆధారం డైలాగ్ లిస్ట్, అంటే ఎవరు ఏ క్షణాన ఏమన్నారో రాసి పంపే ప్రతి. దాన్ని అనువదించి, తెర మీద రెండు వరుసలకు మించకుండా కుదిస్తాం. మిగతా వేడుకంతా ఇంగ్లీషే. ఉత్తమ సహాయ నటుడి దగ్గరకొచ్చేసరికి ఆ ప్రతిలో ‘ఐరిష్‌లో మాట్లాడతాడు’ అని మాత్రమే ఉంది. ఆయనేమో ఆపకుండా మాట్లాడుతున్నాడు. సభ పగలబడి నవ్వుతోంది. ముందు వరుసలో ఒకాయన లేచి వెళ్లిపోయాడు. పంపిన సంస్థకు ఫోన్ చేస్తే ఆదివారం ఎవరూ ఎత్తలేదు.

మా ప్రోగ్రామ్ మేనేజర్ రజ్లాన్ నాకన్నా బాగా చిన్నవాడు. “అంకుల్, మీ తెలుగు కూడా ఇక్కడ ఎవరికీ అర్థం కాదు కదా. ఇదీ అలాంటిదే. మీరే చూడండి లా,” అన్నాడు, మాట చివర ఇక్కడివాళ్ల అలవాటు ‘లా’ తగిలించి. హాస్యమాడటం లేదు. నేను కదలకపోయేసరికి తనే కూర్చుని రాశాడు: అమ్మకు, గురువులకు, మలేసియా ప్రేక్షకులకు కృతజ్ఞతలు. అది ఆ నటుడి పెదవుల కదలికకు అచ్చంగా సరిపోయింది. నాకు భయం వేసింది.

భోజనానికి రాలేనని చెప్పడానికి ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య సత్యవతిది ఇక్కడి సుంగై సిపుట్ అనే ఊరు. దగ్గర్లోని ఈపో పట్నంలో కాన్వెంట్‌లో చదివింది. “ఏటి, దానికే అలా కూకున్నారా? మా సిస్టరమ్మది ఆ దేశమే. ఇంకా ఈపోలోనే ఉన్నాది. అడగండి లా,” అంది.

సిస్టర్‌కు తొంభై దాటాయి. వీడియో కాల్‌లో ప్రసంగం వినిపించాను. ముందు ఆ నటుడి వ్యాకరణం తప్పుపట్టారు. ఒక మాట తనకు తెలుసుగానీ చెప్పనన్నారు. మిగతాది ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతూ పోయారు. నేను రాసుకున్నది ఇది: “ఈ సినిమాలో నేను లేను. నా పాత్రను ఎడిటింగ్‌లో తీసేశారు. జ్యూరీ చూసింది కోతకు ముందరి ప్రతి. మిగిలింది నా వీపు. బహుమతి మాత్రం తీసుకుంటాను, మా అమ్మ టీవీ చూస్తోంది.” లేచి వెళ్లినాయన ఆ సినిమా దర్శకుడని కూడా ప్రసంగంలోనే ఉందట.

రజ్లాన్ నమ్మలేదు. ముసలావిడకు సరిగా వినబడి ఉండదన్నాడు. అయితే మరుసటి వారం వేయడానికి ఆ సినిమా మా చానల్లోనే సిద్ధంగా ఉంది. ఇద్దరం కూర్చుని చూశాం. చేపల దుకాణంలో ఒక వీపు కనబడింది. తర్వాత భోజనాల బల్ల మీద ఒక చేయి ఉప్పు అందించింది. అంతే. చివర పేర్లలో మాత్రం ఆయన పేరు పెద్దదిగా ఉంది.

“ఉప్పు అందించినందుకా ప్రైజు?” అన్నాడు రజ్లాన్. ఆ సినిమా ప్రకటనలో ‘అవార్డు గెలిచిన నటన’ అని అప్పటికే వేయించాడు పాపం.

ప్రసారానికి ముందు అడిగాడు, “ఇది వేస్తే జనం మనదే తప్పనుకుంటారు. బాధ్యత ఎవరిది?” నాదని చెప్పి సిస్టర్ చెప్పిందే వేశాను. ఆవిడ చెప్పని మాట దగ్గర తెర ఖాళీగా వదిలాను.

అతను అన్నట్టే అయింది. సబ్‌టైటిళ్లు వేరే కార్యక్రమానివి పడ్డాయని ప్రేక్షకులు ఫోన్లు చేశారు. సుంగై పెటాని నుంచి ఒకాయన, బహుమతి తీసుకునేవాడు అలా మాట్లాడడని, అనువాదకుడికి కనీస మర్యాద తెలియదని రాశాడు. పైఅధికారులు నన్ను వివరణ అడిగారు. సిస్టర్ చెప్పిన మాటలు, సినిమాలో ఆ రెండు దృశ్యాలు జతచేసి ఇచ్చాను. వారం తర్వాత ఐర్లండ్ నుంచి అసలు ప్రతి వచ్చింది. సిస్టర్ చెప్పని ఆ ఒక్క మాట తప్ప అన్నీ సరిపోయాయి.

నా ఉద్యోగంలో ఫిర్యాదులను బట్టే పనికి మార్కులు వేసేవారు. ఆ కొలత ఎంతవరకు పనికొస్తుందో నాకు అప్పుడే తెలిసింది. రజ్లాన్ రాసింది వేసి ఉంటే ఒక్క ఫోనూ వచ్చేది కాదు.