పేడ అలికిన చెక్క అరుగు

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. రంగూన్‌లో పజుండౌంగ్ కాలవ ఒడ్డున మా అత్తవారిల్లు. ముందు భాగమంతా మావగారి ఎండుమిరప, చింతపండు కొట్టు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అక్కడ మగవాళ్ళే. కోడలు అటు తొంగిచూడకూడదు. వెనక తలుపు తీస్తే మాత్రం, కాలవ మీదికి గుంజలపై నిలబెట్టిన చెక్క అరుగు ఒకటి ఉండేది. పైన ఆకాశం, కావలసినంత గాలి, ఎదురుగా ధాన్యం పడవలు. పెళ్ళై ఓడ దిగిన నాకు ఆ ఊళ్ళో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ అరుగొక్కటే. నేనేమో నాలుగు గోడల మధ్య కుదురుగా ఉండే మనిషిని కాను.

ఒక ఏడాది, వానలకు ఇంకా నెల ఉందనగా, అరుగు మీద నిండు బిందె దించాను. బిందె ఆగలేదు. చెక్కను విరుచుకుని తిన్నగా కాలవ బురదలోకి పోయింది. దాని వెనకే నేనూ పోవలసినదాన్ని, పక్కనున్న గుంజను కావలించుకుని ఆగాను.

భోజనాల దగ్గర మావగారు తేల్చేశారు. "రెండు పాత పెట్టెల సెక్కలు కొట్టిస్తాను. మళ్ళీ ఇరిగిందా, అరుగు పీకించి ఆ తలుపు ఇటికలతో మూయించేస్తాను. ఆడోళ్ళు కాలవలో పడితే ఊరికేటి సెప్పుకోవాలి?"

ఆ పుచ్చు చెక్కలకు అతుకులేస్తే శ్రావణం దాటదు. అంటే తలుపు మూసేసినట్టే. వంటింటి తలుపు చాటు నుంచే అనేశాను, "మావా, అతుకులొద్దు. కొత్తది కట్టించండి" అని. మా ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆయనెప్పుడూ గోడ మీద పిల్లే.

మావగారికి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "కట్టించిందే కదమ్మా! పాతది పుచ్చితేనే ఇది ఏయించాను. ఇదీ పుచ్చితే ఇంకోటి. పక్కింటి బర్మా ఆవిడ అరుగు నాను ఈ ఊరొచ్చినప్పట్నుంచీ ఉంది, దానికేటీ కాలేదు. మనదే ఎందుకు పుచ్చుతాదో నువ్వు సెప్పు, రేపే టేకు తెప్పిస్తాను."

మర్నాడు ఆ కారణం వెతకడానికి అరుగు మూలనున్న కట్టెల పేర్పు తీయడం మొదలుపెట్టాను. కింద చెక్కలు చూసి నోరు తెరిచాను. అరుగు చెక్కలన్నీ ఒకేసారి వేసినవే, అయినా కట్టెల కిందవి ఇనుములా ఉన్నాయి. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి పొడిచాను, ఠంగుమంది. మేం తిరిగే చోట పొడిస్తే మెత్తటి అట్టులోకి దిగినట్టు దిగింది. అప్పుడు తెలిసింది. కట్టెల కింద మా అత్తగారు అలకలేదు.

ఆవిడ రోజూ తెల్లారేసరికి పాలవాళ్ళ కొట్టం నుంచి పేడ తెప్పించి, తన ఊళ్ళో మట్టి అరుగును అలికినట్టే ఈ చెక్కల్నీ అలికి ముగ్గు పెట్టేవారు. ఆ పేడ పొర కింద చెక్క ఏనాడూ ఆరలేదు. వాన పక్కింటి అరుగు మీదా పడుతుంది, పేడ పడదు. పైన పటారం, లోన లొటారం అంటే మా అరుగే.

కారణం దొరికింది, చెప్పడమే చిక్కు. మావగారితో చెబితే నా తలుపు నిలుస్తుంది గాని, అత్తగారు మొగుడి ముందూ కొడుకు ముందూ తల దించుకోవాలి. అలాగని అత్త మీద కోపం దుత్త మీద చూపే రకాన్నీ కాను, ఏదున్నా మొహం మీదే. ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అట్లకాడ ఇచ్చాను.

"అత్తా, ఇక్కడ పొడవండి. ఇప్పుడు ఇక్కడ."

పొడిచారు. మళ్ళీ పొడిచారు. నావైపు ఎర్రగా చూశారు. "అయితే నాను అలికి సంపేనంటావా? అలక్కపోతే అది ఇల్లేటే? లచ్చిందేవి కాలెడతాదేటి?"

"మట్టయితే అలికితే గట్టిపడతాది. ఇది సెక్క అత్తా, తడి ఆరదు."

ఆవిడ అక్కడే చతికిలబడ్డారు. మెత్తబడిన చెక్కను అరచేత్తో నిమురుతూ అన్నారు, "ఓడ దిగిన కాణ్ణుంచి కాలి కింద మట్టి తగల్లేదే నాకు. పొద్దున్నే సేత్తో అలికితే మా ఊళ్ళో ఉన్నట్టుంటాది. అదీ ఒగ్గేయమంటావా?"

నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఊపిరాడనిది నాకొక్కదానికే అనుకున్నాను.

"ఒగ్గొద్దత్తా. గడప పక్కన కాస్త గచ్చు నేలుంది కదా, సుట్టూ ఇటికలు కట్టించి మట్టి పోయిద్దాం. అది మీ అరుగు, ఎంతైనా అలకండి. దాని అవతల సెక్కలు. వాటి మీద పేడ పడకూడదు. నీళ్ళు దిగిపోడానికి సందులొదిలి కొట్టించాలి, పక్కింటోళ్ళ లాగ."

"సందులా? ఆవాలు సెరిగితే కాలవలో పడవేటి?"

"పడితే సేపలు తాలింపెట్టుకుంటాయి."

నవ్వకూడదనుకుంటూనే పకపకా నవ్వేశారు. ఆ తర్వాత ఆవిడ చేసిన పని నేను కలలో కూడా అనుకోనిది. కొంగు నడుముకు దోపుకుని, అన్నేళ్ళలో ఎన్నడూ కొట్టు గడప దాటని మనిషి, తిన్నగా లోపలికి నడిచి బేరగాళ్ళందరి ముందూ చెప్పారు. "టేకు తెప్పించండి. సెక్క తప్పేటీ లేదు. నానే పేడతో తడిపి తడిపి పుచ్చబెట్టాను. ఇంక సెక్క అలకను." మావగారి చేతిలో తక్కెడ అలాగే ఉండిపోయింది. తలుపు వెనక నేను గంతేశాను.

పోటు నీటి మీద పడవలో టేకు వచ్చింది. పాత అరుగు పీకుతుంటే పుచ్చు ముక్కలు బురదలో పడే చప్పుడు నాకు పెళ్ళి మేళంలా వినబడింది. కొత్త అరుగు లేచిన వారానికే వానలు దిగాయి. ఆ మొదటి వానకు నీళ్ళు సందుల్లోంచి ధారలుగా కాలవలోకి పోతుంటే తడుస్తూ నిలబడి చూశాను. వాన వెలిశాక అత్తెసరు ఉడికేలోగా చెక్కలు ఆరిపోయాయి. నడిమధ్యకు వెళ్ళి రెండు కాళ్ళతో ధనధనా గెంతాను. చెక్క మూలగలేదు, కదలలేదు. గెలిచాను అని పైకే అన్నాను.

సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా చూడవచ్చారు. అత్తగారు అప్పుడే అలికిన తన మట్టి అరుగు మీద కూర్చుని, ఈ ఎత్తంతా తనదే అన్నట్టు అందరికీ పాఠం చెబుతున్నారు. "సందులొదలాలమ్మా, సందులు!" నేను కాదనలేదు. అంత సంతోషంలో ఎవరికి ఎంత పేరొస్తే ఏం?

వాళ్ళు వెళ్ళాక మావగారు గడప దగ్గరికి వచ్చారు. తన ఇంట్లో ఏ గదిలోకైనా గొంతు సవరించుకుని వచ్చేసే మనిషి, ఆ పూట అక్కడే ఆగి, "గాలి బాగుంది. నానూ కాసేపు కూకోవచ్చా?" అని అత్తగారిని అడిగారు.

ఆవిడ తల తిప్పలేదు. "నన్నడుగుతారేటి? కోడల్ని అడగండి."

ఆయన నావైపు తిరిగి, నన్నే అడిగారు.