కరుణమ్మ టీచరు గారి కువైట్ కత్తి

తడి రాయి మీద ఇనుము రాసినప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్తగా వాన పడ్డ రేకుల కప్పు దగ్గర వచ్చే వాసన లాంటిది, కాస్త పుల్లగా ఉంటుంది. మొన్న ఆదివారం వంటింట్లో కత్తి నూరుతుంటే అదే వాసన తగిలింది. పక్కన మా ఆయన ఫోనులో వీడియో పెట్టుకుని, ఏ దేశపు స్టీలు ఎన్నాళ్ళు పదును నిలుపుకుంటుందో, ఏది దెబ్బకి ఓర్చుకుంటుందో, ఏది నూరడానికి లొంగుతుందో నాకు పాఠం చెబుతున్నారు. మనమూ ఒకటి కొనుక్కోవాలట. కొనుక్కోండి, నన్ను మాత్రం అడక్కండి అన్నాను. కత్తుల్ని పోల్చి చూసే ఓపిక నాకు ఉండేది. అదంతా తొంభైల చివర, రావులపాలెంలో, ఒక్క వేసవిలో అయిపోయింది.

అప్పటికి నేను బి.ఎస్సీ. పాసై, ఉద్యోగం లేక, ఇంట్లో కనిపించిన ప్రతి మనిషితోనూ వాదన పెట్టుకుంటున్నాను. మా అమ్మ ప్రాణం విసిగి నన్ను కరుణమ్మ టీచరు గారికి అప్పగించింది. ఆవిడ మిషన్ స్కూల్లో హోమ్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. భర్త లేరు, పిల్లలు లేరు. అరటిగెలల మార్కెట్టు వెనకాల ఓ రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, నలుగురైదుగురు ఆడవాళ్ళతో ఆవకాయ పెట్టించి కొట్లకి వేసేవారు. తెల్లటి నేత చీర, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద చేతిగడియారం, ముక్కు చివర కళ్ళజోడు. నన్ను పైనుంచి కిందకి చూసి, "మీ అమ్మ చెప్పింది విజయా, నీకు నోరెక్కువని" అన్నారు. నోరు లేనివాళ్ళు కావాలంటే వేరే చోట వెతుక్కోండి అన్నాను. "నోరే కావాలమ్మా. కొట్లవాళ్ళతో మాట్లాడలేక చస్తున్నాను. రేపట్నుంచి రా" అన్నారు. మాట్లాడలేకపోవడమన్నది శుద్ధ అబద్ధం. ఆవిడ నాకంటే పెద్ద పెంకి.

ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ముక్క నాలుగు నెలలకే మెత్తబడి పులుసైపోతుంది. అంటే కత్తి దిగాల్సింది కండలోకి కాదు, టెంకలోకి. మా షెడ్డులో కాయలు కొట్టేది వీరమ్మ. ఆవిడ కత్తి లారీ కమాను పట్టాతో కమ్మరి చేసి ఇచ్చినది. బరువు, మొరటు. మధ్యాహ్నానికి పదును పోయేది, రాయి మీద నాలుగుసార్లు లాగితే మళ్ళీ వచ్చేది. ఎన్ని వందల టెంకలు కొట్టినా అంచు మహా అయితే వంగేది, విరిగేది కాదు. దానికి ఉన్న రోగమల్లా ఒకటే. కాయలోని పులుపుకి ఇనుము నల్లబడి, ఆ నలుపు ముక్కకి అంటేది. ఆ ఏడు రాజమండ్రిలో ఒక పెద్ద కొట్టాయన సీజను మొత్తానికి ఆర్డరిస్తూ, ముక్కల మీద నల్ల మరక కనిపిస్తే మాత్రం తీసుకోనన్నాడు.

సరిగ్గా అప్పుడే టీచరు గారి చెల్లెలు కువైట్ నుంచి ఒక కత్తి తెచ్చింది. అక్కడ మాంసం కొట్టేవాళ్ళు వాడే బరువు కత్తి, అద్దంలా మెరిసేది. తుప్పు లేదు, మరక లేదు. పచ్చి అరటికాయ మీద పెడితే దాని బరువుకే దిగిపోయేది. నేను దాన్ని రాయి మీద పెట్టి చూశాను. రాయే అరిగింది గాని కత్తికి చలనం లేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"టీచరు గారూ, ఇంత గట్టి స్టీలు దెబ్బకి ఆగదండి. గట్టిదనం వేరు, ఓర్చుకోవడం వేరు. గాజు గట్టిది కాదా?"

"గాజుతో కాయలు కొట్టమని నేనన్నానా?"

"కోతకైతే ఇది మంచిదే. మనది కోత కాదు, దెబ్బ."

"నువ్వు బి.ఎస్సీ. చదివిన సంగతి ఆ కత్తికి చెప్పు, వింటుందేమో" అని వీరమ్మ చేతికిచ్చేశారు.

మూడు వారాలు ఆవిడే గెలిచారు. నూరే పని లేదు, ముక్కలు ముత్యాల్లా వచ్చాయి. రోజూ పొద్దున్నే అంచు మీద కాగితం పెట్టి కోసి, "ఏవమ్మా, గాజు పగిలిందా?" అని అడిగేవారు. ఆడవాళ్ళంతా నవ్వేవారు. నేను పళ్ళు నూరుకునేదాన్ని. సీజను చివరికి వచ్చేసరికి టెంకలు ముదిరిపోయాయి. ఒకరోజు సాయంత్రం పని ముగించి కత్తి తుడుస్తూ వీరమ్మ ఆగిపోయింది. అంచు మధ్యలో పన్ను ఊడినట్టు చిన్న సందు. బియ్యపు గింజంత ముక్క లేదు. ఆ రోజు కొట్టిన కాయలన్నీ అప్పటికే ఆవపిండిలో, కారంలో, నూనెలో కలిసి తొట్లలో ఉన్నాయి.

చేతులు మండిపోతున్నా అందరం తొట్లలో వెతికాం. పాత రేడియోలోని అయస్కాంతం తెచ్చి దారం కట్టి తిప్పాను. దొరకలేదు. ఒకావిడ వీరమ్మ మీద విరుచుకుపడింది. "దెబ్బ వంకరగా వేసుంటావ్. ధ్యాస ఎక్కడుంది నీకు? మా అందరి కష్టం మట్టిపాలు చేశావు." వీరమ్మ తన కుడి చేతిని చీర కొంగులో దాచుకుంది, ఆ చెయ్యే దొంగతనం చేసినట్టు. కాయలు కొట్టే పని తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు. నా సంగతి నిజం చెప్పొద్దూ, నేను చెప్పానా లేదా అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

టీచరు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "వీరమ్మ చేతిలో ఏ తప్పూ లేదు. ఆ కత్తి తెచ్చింది నేను. వద్దని విజయ చెప్పింది, కారణంతో సహా చెప్పింది. నేను వినలేదు. వెటకారం కూడా చేశాను." అంతే. నా నోట్లో మాట నోట్లోనే చచ్చిపోయింది. గెలిస్తే అంత చప్పగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

తొట్లలోని పచ్చడంతా షెడ్డు వెనక గొయ్యి తీయించి పూడ్పించేశారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి బస్సెక్కారు. సరుకు ఎందుకు తగ్గిందో కొట్టాయనకి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన మంచివాడే, తల పట్టుకున్నాడు. "అయ్యో టీచరు గారూ, కాయ దొరకలేదని ఒక్క ముక్క అంటే పోయేది కదండీ. స్టీలు ముక్క సంగతి విన్నాక నేనెలా అమ్మనండి మీ సరుకు?" అన్నాడు. "కాయ దొరికిందండి. అదే వచ్చిన చిక్కు" అన్నారావిడ.

ఆ కబురు మిగతా కొట్లకీ పాకింది. మరుసటి ఏడు ఇళ్ళవాళ్ళు చెప్పి పెట్టించుకున్న కొద్దిపాటి పచ్చడితో టీచరు గారు నెట్టుకొచ్చారు. ఆ పైన షెడ్డు మూసేశారు. చివరి రోజు దాకా కాయలు కొట్టింది వీరమ్మే, కమాను కత్తితోనే. టీచరు గారు పోయి చాలా ఏళ్ళయింది. నిజాయితీ చూసి ఎవరో వచ్చి ఆదుకున్నారని రాస్తే బాగుండేది. ఎవరూ రాలేదు.

నేనిప్పుడు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. నా వాదనలు ఏమీ తగ్గలేదు, కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు. మొన్నామధ్య ల్యాబులో నేను పట్టుబట్టి తెప్పించిన సరుకు పాడైంది. స్టాఫు మీటింగులో అందరి చూపూ అటెండరు మీదకి తిరిగింది. అది తెమ్మన్నది నేనే, వద్దన్న ఆయన మాట వినలేదు అని చెప్పాను. ప్రిన్సిపాల్ మొహం మాడ్చుకున్నారు. పక్క సీటావిడ, నీకెందుకొచ్చిన గొడవ అంది. ఇలా చెప్పినందుకు నాకేనాడూ మేలు జరగలేదు. వయసొచ్చే కొద్దీ అలా చెప్పడం ఇంకా బరువనిపిస్తోంది. అలాంటి రోజు ఇంటికొచ్చి, చీరన్నా మార్చుకోకుండా నడుం వాలుస్తాను. నిద్ర మాత్రం వెంటనే పట్టేస్తుంది.