పిండి పెట్టె మీద ఆనించిన చెయ్యి

గిర్నక్క పోయిందన్న కబురు నాకు ఎవరూ చెప్పలేదు. మిఠాయి డబ్బా పట్టుకుని, నవ్వుకుంటూ ఆమె వాకిట్లోకి నేనే నడిచిపోయాను. "అక్కా, పోరని పిడికిలి ఇడిసింది! నోరు తీపి చేసుకుందువు రా!" అని గేటు దగ్గర్నుంచే అరిచాను. అందరూ తిరిగి చూశారు. అప్పుడు కనిపించింది, చాప మీద, తెల్లగుడ్డ కింద, ఆమె. పొద్దున్నే గుండె ఆగిందట. అప్పటికే నేనూ నా కొడుకూ పటాన్‌చెరు ఆస్పత్రికి పోయే ఆటోలో ఉన్నాం.

ఇది రాస్తుంటే ఇప్పటికీ తల ఎత్తలేకపోతున్నాను.

మా కర్దనూరులో ఆమెది పిండి పట్టే మర, మేం గిర్ని అంటాం. తోడబుట్టింది కాదు, గోడ అవతలి మనిషి. ఎవరి పిండైనా చేత్తో పట్టి చూసేది. వేడిగా ఉంటే మూట కట్టనిచ్చేది కాదు. "సల్లారనియ్యి, జల్దీ ఏమున్నది?" అనేది.

ఫ్యాక్టరీ పనిలో ఉండగా మావాడికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి బిగుసుకుపోయింది. ముంజేతికి అదిరే మిషన్ పెడితే కండరాలు వదులవుతాయని ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. కానీ అది గుర్రుమనగానే వాడు భయంతో ఒళ్ళంతా బిగపట్టేవాడు. "ముందు భయం పోవాలె తాతా" అంది డాక్టరమ్మ.

జొన్నలు పట్టించడానికి పోయినప్పుడు ఈ సంగతి అక్కకు చెప్పుకున్నాను. "గింతేనా? తోల్కరా తమ్మీ" అంది. గిర్ని నడిచేటప్పుడు పిండి పడే చెక్కపెట్టె సన్నగా అదురుతుంది. బెల్టుకు దూరంగా స్టూలు వేసి, వాడి పిడికిలిని ఆ పెట్టె మీద ఆనించింది. పక్కన తన చెయ్యి పెట్టింది.

"అత్తా, పండ్లు గుడ అదురుతున్నయ్!" అన్నాడు మావాడు.

"నాకు పండ్లే లేవు, ఫికరే లేదు. నువ్వు ఆపకు అల్లుడా. అదిరేదాన్ని అదరనియ్యి."

జబ్బు పడ్డాక వాడు నవ్వింది ఆ రోజే. ఆ నవ్వుకు నేనేమిచ్చినా తక్కువే. తర్వాత రోజూ పోయి కూర్చునేవాడు. "ఏంది, చెయ్యి గుడ పిండి పట్టిస్తున్నరా?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నీ నాలుక గుడ పెట్టు, జెర మెత్తగైతది" అంది అక్క.

ఆ పొద్దున ఆస్పత్రిలో మిషన్ గుర్రుమంది. మావాడు కదల్లేదు. ఒక్కో వేలూ మెల్లగా విడింది. ఎన్నాళ్ళకో నా బిడ్డ అరచేయి చూశాను! నడిరోడ్డు మీద ఎగరాలనిపించింది. మిఠాయి కొని నేరుగా అక్క దగ్గరికి వచ్చాను.

కేక వేసినందుకే కాదు నా సిగ్గు. చాప పక్కన కూర్చుని ఏడుస్తున్నాను, లోపల సంబరం మాత్రం ఆగడం లేదు. చావింట్లో సంతోషపడే మనిషినా నేను? డబ్బాను కండువా కింద దాచుకున్నాను. ఆమె కోడలు చూసింది.

"దాసుకోకు కాకా. రాత్రి గుడ అడిగింది, పోరని చెయ్యి ఎట్లుందని. గిర్ని కాడ పెట్టు."

వెనకాలే వచ్చిన మావాణ్ణి తీసుకుని లోపలికి పోయాను, గిర్ని చప్పుడు లేకుండా ఉంది. చెక్కపెట్టె మీద నిన్నటి పిండి. అందులో అక్క చేతి గుర్తు, పక్కన మావాడి పిడికిలి గుండ్రంగా పడిన గుర్తు. వాడు పెట్టె మీద చెయ్యి ఆనించి, కాసేపటికి తీశాడు.

అక్క చేతి పక్కన అయిదు వేళ్ళూ విడివిడిగా పడ్డాయి.