నర్సింలు గొంతు కోసం నారాయణపేటకు

ఉదయం ఆరూ నలభైకి హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో నారాయణపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, నేను రాసిన నవల ఒక కాపీ ఉన్నాయి. తీసుకుపోవలసింది మాత్రం లేదు.

రెండు వారాల కింద సుజాత అనే అమ్మాయి ఫోన్ చేసింది. "మీరు మా నాయినతోని సినిమా తీసిండ్రు సార్, యాదికున్నదా? నారాయణపేట, మగ్గం నర్సింలు. నాయినకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. ఏడేండ్లాయె. అప్పట్ల మా ఇంట్ల బటన్ ఫోన్ తప్ప ఏం లేకుండె. ఆయన గొంతెట్లుంటుండెనో నాకే మర్చిపోయినట్టయితుంది. షూటింగుల మీరు రికార్డు చేసిండ్రు గద. ఒక్క ముక్కున్నా సాలు."

చూస్తానమ్మా అన్నాను. చూశాను కూడా. లేదు. ఆ మాట ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక, పోయి ఎదురుగా చెబుదామని బయల్దేరాను.

నేను రెండున్నర సినిమాలు తీసినవాణ్ని. మీరు చూసి ఉండరు, మొహమాటపడకండి, ఎవరూ చూడలేదు. మూడోది సగంలో ఆగిపోయాక నన్ను ఏ ఆఫీసులోనూ కూర్చోమన్నవాడు లేడు. అప్పుడు నవలలు రాయడం మొదలుపెట్టాను. కాగితానికి ప్రొడ్యూసర్ అక్కర్లేదు గదా.

షాద్‌నగర్‌లో ఒక పెద్దామె ఎక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టించుకుని నా పక్కన కూచుంది. ఒళ్లో మిరప నారు కట్ట.

"ఏం కొలువు సారూ?"

"సినిమాలు తీసేవాణ్నమ్మా. ఇప్పుడు పుస్తకాలు రాస్తున్నాను."

ఆమె నన్ను కాసేపు జాలిగా చూసింది. "పోనీ తియ్. పానం మంచిగుంటే సాలు."

నా మీద ఇంతవరకు వచ్చిన సమీక్షలన్నిట్లో మర్యాదైనది అదే.

జడ్చర్లలో ఎనిమిదిన్నరకు పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లగా ఉంది. పెద్దామె అక్కడే దిగిపోయింది. పాలమూరు బస్టాండ్‌లో డ్రైవర్ మారాడు. దేవరకద్ర దాటాక రెండు పక్కలా పత్తి చేలు, మధ్య మధ్య రాళ్ల గుట్టలు. కిటికీ పక్క సీటు దొరికింది కానీ చూడాలనిపించలేదు. ఇదే దారిలో రాష్ట్రం వచ్చిన ఏడు నా మొదటి సినిమా యూనిట్‌తో పోయాను. అప్పుడు ముందు సీట్లో కూచున్నాను.

ఆ సినిమాలో హీరో తండ్రి మగ్గం నేసేవాడు. నటుణ్ని పెట్టకుండా నర్సింలునే అడిగాను. తన ఇంట్లో, తన గుంట మగ్గంలోనే కూచుని, నేను రాసిచ్చిన డైలాగు పక్కన పెట్టి తన మాట తనే చెప్పాడు. "పోగు తెగితే నాకు కండ్లతోని తెల్వది కొడుకా, చెవులతోని తెలుస్తది. మగ్గం సప్పుడు మారుతది." నేను కట్ చెప్పడం మర్చిపోయాను. అంత బాగా చేశాడు మనిషి.

సినిమావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. షూటింగ్‌లో రికార్డయ్యే మాటను పైలట్ అంటారు. అది గుర్తు కోసమే. తర్వాత స్టూడియోలో అందరి మాటలూ మళ్లీ చెప్పిస్తారు. నర్సింలును డబ్బింగ్‌కు పిలుద్దామనుకున్నాను. సినిమా కొనడానికొచ్చినవాళ్లు, "ఈ యాస కామెడీకైతే ఓకే. హీరో తండ్రి ఇట్లా మాట్లాడితే ఎవడు ఏడుస్తాడు?" అన్నారు. హుజూర్‌నగర్‌లో పుట్టి, ఫిలింనగర్‌లో నా యాస దాచుకుని బతికినవాణ్ని, తలూపాను. ఒక డబ్బింగ్ ఆర్టిస్టు వచ్చి, గంటలో, మాటమాటకూ 'అండీ' తగిలించి నర్సింలు నోట్లో తన గొంతు పెట్టి పోయాడు.

పదకొండుకు కొంచెం ముందు నారాయణపేటలో దిగాను. టీ కొట్టు అతన్ని నర్సింలు ఇల్లెక్కడని అడిగితే, "ఏ నర్సింలు? అండీ నర్సింలా?" అని నవ్వి చెయ్యి చూపించాడు. అది ఇంటిపేరేమో అనుకున్నాను.

నర్సింలు భార్య బాలమణి మగ్గం మీద ఉంది. నర్సింలు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. మూతి ఒకవైపే నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

సుజాత చాయ్ ఇచ్చి, ఫోన్ నా ముందు పెట్టింది. "పాత ఫోటోలన్ని తీసేసి జాగా చేసి పెట్టిన సార్. ఇందుల ఎక్కియ్యుండ్రి."

"లేదమ్మా. సినిమా అయిపోయాక ఆ డిస్కులు చెరిపి ఇంకో సినిమాకు వాడుకుంటారు. మా దగ్గర అది మామూలే."

అక్కడితో ఆపి ఉంటే తప్పు పద్ధతి మీదికి పోయేది. కానీ నర్సింలు నావైపే చూస్తున్నాడు.

"సౌండ్ చూసే అతను నన్నడిగాడు, పైలట్ దాచమంటారా అని. ఎందుకయ్యా, చెరిపెయ్ అన్నాను. నేనే అన్నానమ్మా."

మగ్గం ఆగింది. సుజాత ఫోన్ వెనక్కి తీసుకుంది.

"సినిమా వచ్చినప్పుడు మా వాడోళ్లమంత పోయినం సార్," అంది. "నాయిన కొత్తంగి తొడుక్కుండు. తెర మీద నోరు తెరిసిండు, ఇంకెవరిదో గొంతొచ్చింది. టాకీసంత నవ్విండ్రు. అప్పటిసంది నాయినను అండీ నర్సింలు అంటరు. మాట పోయినంక గూడ గదే పేరు."

నేను సంచిలోంచి నా నవల తీశాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ నవలకు శాలువాలు కప్పారు, మట్టి వాసన అన్నారు. అందులో బాగున్న ప్రతి మాటా షాట్ల మధ్యలో నర్సింలు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నదే. అతని పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.

"నీ మాటలు ఇందులో ఉన్నాయి నర్సింలన్నా," అని పోగు తెగిన మాట చదవడం మొదలుపెట్టాను. మర్చిపోయిన యాసను తెచ్చిపెట్టుకుని మరీ చదివాను. రెండు వాక్యాలు కాకముందే నర్సింలు ఎడమచెయ్యి పేజీ మీద పెట్టి పుస్తకం మూసేశాడు.

"వద్దంటుండు సార్," అంది బాలమణి. "మల్ల ఇంకొకరి గొంతేనాయె."

తినిపొమ్మన్నారు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు. పుస్తకం నేనే సంచిలో పెట్టుకున్నాను, వాళ్లు అడగలేదు కనుక.

మూడూ పదికి తిరుగు బస్సు దొరికింది. ఉండిపోవడానికి తెచ్చుకున్న బట్టలు మడత విప్పకుండానే వెనక్కి వచ్చాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే ఏ యాసలో జవాబు చెప్పాలో కూడా నాకు తెలియలేదు.

నారాయణపేట పోదామనుకునేవాళ్లకు రెండు మాటలు. చీర కొంటే నేసినవాళ్ల ఇంట్లోనే కొనండి. బాలమణి నేత బాగుంటుంది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు కానీ, ఉత్త నర్సింలు అని అడిగితే ఏ నర్సింలని తిరిగి అడుగుతారు. అండీ నర్సింలు అనండి, చిన్నపిల్లలైనా చూపిస్తారు. నేను తీసిన సినిమాల్లో ఇప్పటికీ ఆడుతున్నది అదొక్కటే.