పొడుగోడు ఎందుకు నవ్వాడు

నవ్వు నాలుగు విధాల చేటని మొదట అన్నవాడెవడో గానీ, వాడు ఒక్క పూటైనా మరమగ్గాల షెడ్డులో నిలబడి ఉండడు. ఆ మోతలో పక్కవాడు చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. దూది నుసి ముక్కుల్లోకి, కళ్ళల్లోకి, తెచ్చుకున్న అన్నంలోకి రాలుతూనే ఉంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తే ముందు చెవులు పోతాయి, తర్వాత ఊపిరి పోతుంది. ఈ రెండింటికంటే ముందు మనసు పోకుండా కాపాడినవాడు ఒక్కడే. షెడ్డంతా అతన్ని వేషాల బావ అనేది. చిన్నా పెద్దా అందరికీ బావే.

మాట వినపడని చోట ముచ్చట్లన్నీ చేతుల్తోనే. దాహమైతే బొటనవేలు నోటి దగ్గర పెడతారు. మేస్త్రీ వస్తుంటే లేని మీసం మెలేస్తారు. ఈ సైగల్నే వేషాల బావ నాటకం చేసిపారేశాడు. మేస్త్రీ చొక్కాలో జెర్రి దూరిన వేషానికైతే అతను పెట్టింది పేరు. ఒక చెయ్యి కదలకుండా బిగబట్టి, రెండోది గాల్లో ఆడిస్తూ, నోరంతా తెరిచి, కళ్ళు తేలేసి గెంతేవాడు. చూసినవాళ్ళకి కడుపు చెక్కలయ్యేది. సాయంత్రం ఇళ్ళకి పోయేటప్పుడు కూడా ఆ వేషం తల్చుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం మొగుడికి పిచ్చెక్కిందేమోనని బెంగపడేవాళ్ళు.

పుట్టుకతో వచ్చిన విద్య కాదది. పెళ్ళైన కొత్తలో పుట్టిన ఆడపిల్ల జ్వరంతో పోయింది. ఆ తర్వాత అతనికి తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. పిచ్చివాడిలా మగ్గం ముందు నిలబడేవాడు. ఒకరోజు మేస్త్రీ తిట్టి వెనక్కి తిరగ్గానే, ఏ పురుగు కుట్టిందో, వాడి నడక నడిచి చూపించాడు. పక్క మగ్గం మీద పనిచేసే పొడుగోడు నవ్వి నవ్వి గోడకి జారబడ్డాడు. ఆ ముఖం చూసి ఇతనికీ నవ్వొచ్చింది. ఆ పూట ఇంటికెళ్ళి భార్యని ఇంకో ముద్ద పెట్టమని అడిగాడు. ఆమె గోడవైపు తిరిగి కళ్ళొత్తుకుంది. అప్పట్నుంచి వేళకి మందు వేసుకున్నట్టు రోజూ ఏదో ఒక వేషం వేసేవాడు. జనం కోసం వేస్తున్నాడని జనం అనుకున్నారు. పాపం, అతనికి అదే ప్రాణాధారం.

ఒక మధ్యాహ్నం తెగిన దారం ముడెయ్యబోతుంటే చొక్కా చెయ్యి బెల్టుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. చొక్కాతో పాటే చెయ్యీ. అతను రెండో చెయ్యి గాల్లో ఆడించాడు. నోరంతా తెరిచి అరిచాడు. గెంతాడు. ఆ వరస మగ్గాలన్నిటినీ ఆపే స్విచ్చి పొడుగోడి భుజం పక్కనే ఉంది, చెయ్యెత్తితే అందుతుంది. ఆ స్విచ్చినే చూపిస్తూ చెయ్యి ఊపాడు. పొడుగోడు చూశాడు. చూసి, పొట్ట పట్టుకున్నాడు. వెనకవాడి వీపు తట్టి, చూడు చూడమని సైగ చేశాడు. షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. నేల ఎర్రబడేదాకా నవ్వారు. నవ్వు నాలుగు విధాల చేటైతే ఇది ఐదో చేటు, ఆ సామెత కట్టిన పెద్దలకి తట్టనిది.

మోచేతి పైదాకా తీసేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. షెడ్డు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "నేను అటు తిరిగున్నా బావా, చూళ్ళేదు" అన్నాడొకడు. "నేనసలు నవ్వలేదు బావా, ఒట్టు" అన్నాడు ఇంకొకడు. అందరివీ అబద్ధాలే. పొడుగోడు మాత్రం గుమ్మం తొక్కలేదు.

తిండి మళ్ళీ పోయింది. నిద్ర మళ్ళీ పోయింది. భార్య బ్లేడు దాచేసింది, బట్టలారేసే తాడు విప్పేసింది. మొగుణ్ణి ఒంటరిగా వదిలి వీధి కొళాయికి పోవాలన్నా భయమే.

"చెయ్యి పోతే పోయింది. మనిషి దక్కారు, అది చాలదా?" అందొకరోజు.

"చెయ్యి సంగతి కాదే. వాడు నవ్వాడు" అన్నాడతను. ఇన్నాళ్ళలో అతని నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

ఆమె పక్కింటి పెద్దావిణ్ణి మంచం దగ్గర కూర్చోబెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పొడుగోడి ఇంటికెళ్ళింది. "నువ్వు రాకపోతే ఆయన నాకు దక్కరు" అని చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. వాడూ చిక్కి సగమయ్యాడు. గుమ్మంలో వంగి లోపలికొచ్చి, మంచానికి దూరంగా నేలమీద కూలబడ్డాడు. ఆమె పెద్దావిణ్ణి పంపించేసి, వంటింట్లోకెళ్ళి చెవి ఇటే పెట్టింది.

"ఎందుకు నవ్వావురా?" అన్నాడు వేషాల బావ, గోడవైపు నుంచి తిరక్కుండానే.

పొడుగోడు తల ఎత్తలేదు. "అబద్ధం చెప్పను బావా. అంత బాగా నువ్వు ఎప్పుడూ చెయ్యలేదు."

వంటింట్లో ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మంచం మీద వీపు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్ళీ ఎగిరిపడింది. ఏడుస్తున్నాడనుకుని ఆమె పరుగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే, మొగుడు వెల్లకిలా తిరిగి, పొట్ట అదురుతుండగా నవ్వుతున్నాడు.

"విన్నావటే? అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదట!" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకోడానికి లేని చెయ్యి ఎత్తాడు. అది ముఖందాకా రాలేదు. దానికీ నవ్వొచ్చింది. కుట్లు లాగి నొప్పెడుతుంటే అబ్బా అబ్బా అంటూనే నవ్వాడు. ఆమె భయపడుతూనే కంచంలో అన్నం పెట్టుకొచ్చి కలిపి నోటికందించింది. తిన్నాడు. ఇంకో ముద్ద అడిగాడు.

"నువ్వూ నవ్వరా. నీ మాటకే కదా నవ్వుతోంది" అన్నాడు నోట్లో ముద్దతోనే.

పొడుగోడు నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. కొన్నాళ్ళకి వేషాల బావ మిల్లు గేటు దగ్గర పనికి కుదిరి, మధ్యమధ్య షెడ్డులోకొచ్చి ఒంటి చేత్తోనే మేస్త్రీని దింపేయడం మొదలుపెట్టాడు. షెడ్డంతా మళ్ళీ నవ్వింది. ఒక్క పొడుగోడు మాత్రం, వేషం మొదలవగానే ముఖం తిప్పుకుని, ఒక చెయ్యి స్విచ్చి మీద వేసి నిలబడేవాడు.